ఇంటికుక్క ఇంట్లోనా, వాకిట్లోనా?



ఎరువులను గురించీ, విత్తనాలను గురించీ చెప్పవలసిన నేను ఈ పూట కుక్కను గురించి మాట్లాడబోతున్నాను. నవ్వకండి. కారణం చెబుతాను.

మొన్న ఖరీఫ్‌కు ముందు పత్తికొండ వైపు ఒక ఊరికి వేరుశనగ విత్తనశుద్ధి చేసి చూపిద్దామని వెళ్లాను. విత్తనానికి మందు పట్టించి, నీడన ఆరబోసి, చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నామో లేదో, ఆ ఇంటి పెద్దాయనకూ కోడలికీ వాదన మొదలయింది.

"చూడండి సార్, కుక్కంటే చేని కాడ ఉండాల. అడవిపందులొచ్చి బుడ్డలు పెళ్లగిస్తాంటే, ఈ కుక్క మా మనమడి మంచం కింద పండుకోనుంది. ఇదేమన్నా పద్ధతేనా?" అన్నాడు పెద్దాయన.

తలుపు దగ్గర నిలబడి కోడలు అన్నది: "పోయిన ఎండాకాలం ముందరి కుక్కను చేని కాడనే కడితిరి గద మామా! నీళ్లు పెట్టేవాళ్లు లేక నాలిక బయటేసి సచ్చిపాయె. ఇదన్నా బతకనీండి."

ఇద్దరూ నా మొహం చూచారు. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను అని తప్పించుకోబోయాను. పెద్దాయన వదలలేదు. "మీ చదువులో కుక్క లేకుంటే లేకపాయె. మీ ఊళ్లో కుక్కే లేదా సార్?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకున్నది. మా ఊళ్లోనే కాదు, మా ఇంట్లోనే కుక్క ఉండేది. దాని కథ మరువరానిది. ఆ రోజు పెద్దాయనకు సగం జవాబు చెప్పి వచ్చాను. మా పశువైద్యాధికారి గారిని అడిగి తెలుసుకున్న సంగతులూ, మా ఇంట జరిగిన సంగతీ కలిపి, మిగతా సగం ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

ముందుగా మా ఇంటి సంగతి. అది 2000 సంవత్సరం ప్రాంతం. నాకు పదేళ్లు. మా కుక్క పేరు మోతీ. ఎర్రటి నాటుకుక్క, మహా సాధువు. పిల్లలం చెవులు పట్టి లాగినా కిక్కురుమనేది కాదు. ప్రొద్దున సద్ది, రాత్రి సంగటి ముద్ద మా ఇంటనే తినేది. అయితే దానికి పడక మాత్రం లేదు. ఇంట్లోకి వస్తే మా అవ్వ కసురుకునేది. కొట్టంలో పడుకుంటే ఎద్దులు బెదురుతాయని మా నాయన తోలేవాడు. అందుచేత రాత్రిపూట అది ఎక్కడికి పోయేదో, ఏ కుక్కలతో కొట్లాడేదో మాకెవరికీ తెలియదు. తిండి మా ఇంట, పడక ఊరంతా అన్నమాట.

ఒకనాడు మోతీ గడ్డివామి క్రింద దూరి బయటికి రాలేదు. పిలిస్తే చూచింది గాని తోక ఆడించలేదు. గొంతు మారింది. నోట చొంగ కారుతున్నది. మా ఇంట ఒక జీతగాడు ఉండేవాడు. పిల్లలం ఆయనను మామా అని పిలిచేవాళ్లం. గొంతులో ఎముక ఇరుక్కున్నదేమో అని మామ దాని నోరు తెరిచి వేలు పెట్టి చూచాడు. పన్ను గీచుకుని వేలి మీద చిన్న గీత పడింది, అంతే. మూడోనాడు కుక్క చచ్చిపోయింది. అప్పుడు చూస్తే చెవి వెనుక మానిన పాతగాయం కనిపించింది. నెల క్రిందటిదో, అంతకు ముందుదో ఎవరు చెప్పగలరు?

మా నాయన పిల్లలందరినీ పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పొడిచే సూదులుండేవి. రోజుకొకటి చొప్పున 14 సూదులు వేయించుకున్నాను. మామను కూడా రమ్మన్నారు. "ఈ గీతకు పద్నాలుగు సూదులా!" అని ఆయన నవ్వి, ఎక్కడో పసరు త్రాగి వచ్చాడు. రెండు నెలలు బాగానే ఉన్నాడు. బుడ్డలు పెరికే రోజుల్లో ఒక సాయంత్రం మా అమ్మ నీళ్లచెంబు అందిస్తే, చూచి వణికిపోయాడు. దాహం, దాహం అన్నాడు గాని చుక్క మింగలేకపోయాడు. నాలుగు రోజులకు పోయాడు.

రైతు సోదరులారా! కుక్కను ఇంట్లో ఉంచాలా, బయట ఉంచాలా అని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది మోతీ చెవి వెనుక ఉన్న ఆ గాయమే. దానికొక స్థిరమైన చోటు ఉండి ఉంటే, రోజూ ఎవరో ఒకరు దాన్ని నిమిరి చూచి ఉంటే, ఆ గాయం ఆనాడే కనబడేది. దానికి ఏడాదికొక టీకా వేయించి ఉంటే ఆ గాయం వల్ల మాకు భయమే లేకపోయేది. కాబట్టి ఇంట్లోనా, బయటా అని అడిగేముందు మిమ్మల్ని మీరు మరొక ప్రశ్న వేసుకోండి. రాత్రి పది గంటలకు మీ కుక్క ఎక్కడ ఉన్నదో మీరు చెప్పగలరా? చెప్పగలిగితే అది మీ కుక్క. చెప్పలేకపోతే, మీరు తిండి పెడుతున్న వీధికుక్క.

పిచ్చికుక్క వ్యాధిని రేబిస్ అంటారు. రోగం వచ్చిన జంతువు చొంగలో దాని క్రిమి ఉంటుంది. కాటు ద్వారా గాని, గీత మీద చొంగ పడడం వల్ల గాని ఒంట్లో ప్రవేశించి, నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రాకుతుంది. మనుషుల్లో సాధారణంగా ఒకటి మొదలు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కసారి ఏడాది దాటవచ్చు కూడా. లక్షణాలు కనబడిన తరువాత మాత్రం బ్రతకడం దాదాపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా ప్రపంచంలో సుమారు 59 వేలమంది ఈ రోగంతో చనిపోతున్నారు. మనిషికి ఈ రోగం రావడం నూటికి 99 పాళ్లు కుక్క వల్లనే. చనిపోయేవారిలో నూటికి 40 మంది వరకు 15 ఏళ్లలోపు పిల్లలే.

ఇంత భయంకరమైన రోగానికి మొదటి మందు మన ఇంట్లోనే ఉన్నది. అది సబ్బూ, నీళ్లూ. ఈ క్రిమికి పైన క్రొవ్వుపొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. కాబట్టి కరచినా, గీచినా, పుండు మీద నాకినా, ధారగా పడే నీళ్ల క్రింద సబ్బుతో పావుగంట సేపు కడగాలి. కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసర్లు పెట్టరాదు. కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పాత సూదులు ఇప్పుడు లేవు. 2005 నాటికి వాటిని మన దేశంలో పూర్తిగా మానివేశారు. ఇప్పటి టీకాను చేతికి వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేయించుకుంటే సరిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో డబ్బు ఇవ్వనక్కరలేదు. రక్తం వచ్చేటట్లు కరిస్తే గాయం చుట్టూ మరొక మందు కూడా వేస్తారు. దాన్ని వద్దనకండి. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నది సామెతకు బాగానే ఉన్నది గాని, కాటుకు అది మందు కాదు.

పశువుల విషయంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక. పిచ్చికుక్క కరచిన ఆవుగాని, ఎద్దుగాని కొన్నాళ్లకు చొంగ కారుస్తూ వింతగా అరుస్తుంది, మేత మింగలేదు. మనం గొంతులో ఏదో అడ్డుపడ్డదని చెయ్యి లోపలికి పెడతాము. మా మామ చేసిన పొరపాటే అది. కుక్క అయినా, పశువైనా చొంగ కారుస్తూ మింగలేకుంటే చెయ్యి పెట్టకండి. పశువైద్యునికి కబురు చేయండి. ఆ పశువు పాలను పచ్చివిగా త్రాగకండి.

కుక్కకు టీకా సంగతి చాలా తేలిక. పిల్లకు మూడు నెలలు నిండగానే మొదటిది వేయించాలి. రెండోది ఎప్పుడు వేయించాలో పశువైద్యులు చెబుతారు. ఆ తరువాత ఏడాదికొకటి. జూలై 6వ తేదీని పశువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా జరుపుతారు. 1885లో అదే రోజున పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కరచిన ఒక బాలునికి మొదటిసారి టీకా వేశాడు. ఆ రోజున చాలా పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మీ కుక్కను తాడు కట్టి తీసుకుపోండి. అది ఇంటి కుక్కయినా, చేని కుక్కయినా ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

ఇప్పుడు చోటు సంగతికి వద్దాము. మన పల్లెల్లో కుక్క ఉండే చోట్లు నాలుగు: ఇంటి లోపల, పంచలో లేక వాకిట్లో, పశువుల కొట్టంలో, చేని దగ్గర. ఒక్కొక్కదాని మంచిచెడ్డలు చూద్దాము.

ఇంటి లోపల ఉన్న కుక్క మనుషులకు బాగా మచ్చికవుతుంది. కుక్కపిల్లకు మూడు వారాలు మొదలు మూడు నెలల దాకా ఉండే వయసు చాలా విలువైనది. ఆ రోజుల్లో మనుషులనూ, పిల్లలనూ, పశువులనూ, మోటారు చప్పుడునూ చూచి పెరిగిన పిల్ల పెద్దయ్యాక ఊరికే బెదరదు, ఊరికే కరవదు. ఒంటరిగా మోటారు షెడ్డులో పెరిగిన పిల్ల ప్రతివాణ్ణీ శత్రువనుకుంటుంది. కాబట్టి పిల్లను మొదటి నెలల్లో ఇంటి మధ్యనే పెంచండి. పాలు మానకముందే తల్లినుంచి విడదీయకండి. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలి.

అయితే ఇంటి లోపల రెండు చిక్కులున్నాయి. ఒకటి కడుపులో పురుగులు. కుక్కపిల్లకు ఏలికపాములు తల్లి కడుపులో ఉన్నప్పుడే సోకుతాయి. వాటి గుడ్లు మలంలో పడి, మట్టిలో కలిసి, పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతాయి. అక్కడ పుట్టిన పిల్లపురుగులు కాలేయానికో, కంటికో ప్రాకవచ్చు. ఇక్కడ మనకు అనుకూలమైన సంగతి ఒకటున్నది. ఆ గుడ్లు పడిన రోజునే రోగం అంటించలేవు. అవి ముదరడానికి రెండు వారాలైనా కావాలి. అంటే కుక్క మలాన్ని ఏ రోజుకారోజు పారతో తీసి పూడ్చేవాడికి ఈ భయం చాలావరకు లేనట్లే. పిల్లకు రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకొకసారి మూడు నెలల దాకా, ఆ తరువాత ఆరు నెలలు నిండేదాకా నెలకొకసారి, పెద్దకుక్కకు మూడు నెలలకొకసారి పురుగుల మందు పట్టించాలి.

రెండవది పిడుదులు, కొన్ని చోట్ల గోమార్లంటారు. ఒక్క ఆడపిడుదు నెత్తురు త్రాగి రాలిపడి, గోడ బీటల్లో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటి మీద కనబడేవి కొన్నే; గోడల్లో ఉన్నవి అంతకంటె ఎక్కువ. అందుచేత కుక్కకు మందు వేసి గోడను వదిలిపెడితే పని సగమే. పడకగుడ్డలు ఎండబెట్టి, బీటలు మట్టితోనో సిమెంటుతోనో మెత్తి, సున్నం కొట్టాలి. ఇక్కడ నా శాఖకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. పైరు మీద కొట్టే పురుగుమందు మిగిలిందని కుక్క ఒంటికి రాసేవాళ్లను నేను చూచాను. దయచేసి ఆ పని చేయకండి. కుక్క ఒళ్లు నాకుకుంటుంది, దానికి విషం ఎక్కుతుంది. ఆ కుక్కను పట్టుకున్న మీ బిడ్డకూ ఎక్కుతుంది. కుక్కకు వేరే మందు ఉన్నది, పశువైద్యశాలలో అడగండి.

ఇక వంటింట్లోకి కుక్కను రానివ్వకూడదన్న మన పెద్దల ఆచారం ఆరోగ్యశాస్త్రానికి కూడా సరిపోతుంది. అలాగే చంటిబిడ్డ మంచం మీదా, మంచం క్రిందా కుక్క పడుకోరాదు. ఎంత సాధువైన కుక్కయినా, నిద్రలో తోక త్రొక్కితే కరచిన సందర్భాలున్నాయి. పసిబిడ్డనూ, కుక్కనూ పెద్దవాళ్లు లేకుండా ఒకచోట వదలకండి.

ఇక పశువుల కొట్టం. ఇది కుక్కకు వెచ్చగా ఉంటుంది, దొంగలకు భయంగా ఉంటుంది. కాని పాడి ఉన్న ఇంటికి ఒక ప్రమాదమున్నది. నియోస్పోరా అనే సూక్ష్మజీవి ఒకటున్నది. దానికి 1988లో ఆ పేరు పెట్టారు. ఈనిన ఆవు మాయనో, ఈచుకుపోయిన దూడనో తిన్న కుక్క మలంలో అది పడుతుంది. ఆ మలం మేతలో, కుడితిలో కలిస్తే చూలు ఆవులు ఐదారు నెలల్లో ఈచుకుపోతాయి. ఆవు ఈచుకుపోయిందంటే దిష్టి తగిలిందంటాము, మేత పడలేదంటాము గాని, గాడిపాటిలో పడుకున్న కుక్కను అనుమానించము. చాలా ఊళ్లలో మాయను మూటగట్టి మర్రిచెట్టుకు వేలాడగడతారు. ఆ మూట జారి పడితే మొదట చేరేది కుక్కే. అంతకంటె, మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చడం మేలు. గర్భస్రావాలకు కారణమయ్యే మరికొన్ని రోగాలు కూడా మాయలోనే ఉంటాయి గనుక, పూడ్చేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. కుక్క కొట్టం బయట కాపలా ఉండవచ్చు; గాడిపాటిలోకి, గడ్డివామి మీదికి మాత్రం ఎక్కనివ్వరాదు.

ఇక చేని కాడ. పత్తికొండ పెద్దాయన మాట కొట్టివేయవలసింది కాదు. ఆ ప్రాంతపు పందికోన కుక్కలు కాపలాకు పేరుపడ్డవి. కొల్లేరు ప్రాంతంలో జోనంగి కుక్కలు బాతుల మందల వెంట తిరిగినవి. గొర్రెలమందను కుక్క లేకుండా రాత్రి ఎవరు దించుతారు? అయితే ఈ కుక్కలన్నీ ఎవరితో ఉన్నాయో గమనించండి. మనిషితో ఉన్నాయి. కాపరి ఎక్కడ పడుకుంటే కుక్క అక్కడ పడుకుంటుంది. కాపరి త్రాగే నీళ్లే అది త్రాగుతుంది. చేనిలో గుంజకు కట్టి మనం ఇంటికి వచ్చేస్తే అది కాపలా కాదు, శిక్ష.

కుక్కకు ఎండ ఎట్లా తగులుతుందో తెలుసుకోవాలి. మనకు ఒళ్లంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు చెమట అరికాళ్ల మెత్తల్లో మాత్రమే పడుతుంది. తక్కిన వేడినంతా నోరు తెరచి రొప్పుతూ వదలాలి. అందుకు నీళ్లు కావాలి, నీడ కావాలి. దాని ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 106 దాటితే ప్రాణానికే ముప్పు. రోహిణి కార్తెలో రేకు షెడ్డు క్రింద కట్టిన కుక్క ఒక్క మధ్యాహ్నంలో పోగలదు. అట్లా సొమ్మసిల్లితే నీడకు చేర్చి, పొట్టకూ, కాళ్లకూ మామూలు చన్నీళ్లు పోసి, విసరుతూ, తెలివి ఉంటే కొద్దికొద్దిగా త్రాగించి, పశువైద్యుని దగ్గరకు చేర్చాలి.

చేనిలో ఇంకా కొన్ని అపాయాలున్నాయి. ఎలుకలకు పెట్టిన జింకు ఫాస్ఫైడు ఎరను కుక్క తింటుంది. కాబట్టి ఎర కన్నం లోపల పెట్టి మూయాలి, మరునాడు చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చాలి. నల్లమల అంచు ఊళ్లలో కట్టేసిన కుక్క చిరుతకు సులువైన ఆహారం. ఇక అడవిపంది విషయం. గుంజకు కట్టిన కుక్క అరవగలదే గాని తరమలేదు. నాలుగు రోజులు విని పందులు ఆ అరుపును లెక్కచేయవు. విప్పి వదిలితే కోరకు పొట్ట చీలుతుంది. మీరు రాత్రి కావలికి పోయేటప్పుడు కుక్కను వెంట తీసుకుపోండి. వాసన పట్టి మీకంటె ముందుగా చెబుతుంది. తెల్లవారి మీతోపాటే ఇంటికి తీసుకురండి.

గొర్రెలు మేపే సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. జాతరలో, పండుగలో గొర్రెను కోసినప్పుడు కాలేయం మీదా, ఊపిరితిత్తుల మీదా నీటి బుడగలు కనబడితే దాన్ని కుక్కకు విసరివేస్తారు. ఆ బుడగల్లో బద్దెపురుగు పిల్లలుంటాయి. కుక్క కడుపులో ఏడు వారాల లోపలే పెరిగి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు కుక్క మలంలో పడతాయి, దాని వెంట్రుకలకు అంటుకుంటాయి. కుక్కను నిమిరిన చేయి కడగకుండా అన్నం తింటే మన కాలేయంలోనే అటువంటి బుడగ పెరుగుతుంది. ఏళ్ల తరబడి తెలియకుండా పెరిగి, చివరకు ఆపరేషన్ దాకా తెస్తుంది. ఆ జాతిదే మరొక పురుగు గొర్రె మెదడులో బుడగగా చేరితే, గొర్రె ఒకే ప్రక్కకు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోతుంది. కాబట్టి పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు, తలకాయ కుక్కకు వేయకండి. బుడగలున్నవి లోతుగా పూడ్చండి. మంద కుక్కలకు బద్దెపురుగుల మందు ఎన్ని వారాలకొకసారి అవసరమో పశువైద్యుని అడిగి తప్పక పట్టించండి.

ఇన్ని విన్నాక మీకే తోచి ఉంటుంది. రైతు కుటుంబంలో కుక్కకు సరియైన చోటు పంచ. పంచ లేకపోతే ప్రహరీ లోపలి వాకిలి. తలుపు తీస్తే కనబడేంత దగ్గర, వంటింటికీ గాడిపాటికీ దూరం. అక్కడ ఉంటే ఇంటివాళ్ల మాట వినబడుతుంది, వీధిలో అడుగు చప్పుడూ వినబడుతుంది. కుక్క మందగా బ్రతికే జాతి. మనమే దాని మంద. కంటికి మనిషి కనబడితే దానికి నిశ్చింత.

గూడు కట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మధ్యరకం నాటుకుక్కకు మూడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, దాదాపు అంతే ఎత్తు చాలు. నేల నుంచి అరడుగు ఎత్తున బండలు పరచండి, వాననీరు చేరదు. నైరుతి వాన జల్లు కొట్టకుండా వాకిలి తూర్పుకు పెట్టండి. పైన జొన్నసొప్పగాని, తాటాకుగాని కప్పండి. ఒట్టి రేకు వేస్తే ఎండకు పొయ్యి అవుతుంది. వేపచెట్టు నీడ ఉంటే మరీ మంచిది. లోపల గోనెపట్టా వేసి వారానికొకసారి ఎండబెట్టండి. నీళ్లతొట్టి తన్నినా పడనంత బరువైన రాతిదై ఉండాలి. రోజూ రెండుసార్లు నీళ్లు మార్చండి.

కట్టవలసివస్తే పొట్టి గొలుసు వద్దు. రెండు గుంజల మధ్య తలెత్తున ఒక తీగ లాగి, దాని మీద జారే కడియానికి గొలుసు తగిలిస్తే కుక్క ఈ చివరనుంచి ఆ చివరకు తిరుగుతుంది. మెడపట్టీ క్రింద రెండు వేళ్లు దూరాలి. ఉదయం, సాయంత్రం విప్పి వెంట తిప్పండి. ఇది దయతో చేసే పనే కాదు, చట్టం కూడా. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో కుక్కను పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడం, తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరాలుగా వ్రాసి ఉన్నాయి.

మరి ఇంట్లోకి ఎప్పుడు రానివ్వాలి? మూడు నెలలలోపు పిల్లనూ, జబ్బుపడ్డ కుక్కనూ, ముసలి కుక్కనూ రానివ్వండి. వడగాలి రోజుల మధ్యాహ్నాలలో, తుఫాను రాత్రులలో, దీపావళి టపాకాయల రాత్రి రానివ్వండి. నడవలో ఒక మూల గోనెపట్టా వేస్తే చాలు, అది ఎవరికీ అడ్డం రాదు. వీధిలోకి మాత్రం రాత్రిపూట వదలకండి. మగకుక్క ఊళ్లు పట్టి తిరగకుండా, ఆడకుక్క ఏటా పిల్లలు పెట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఇంటిపట్టున ఉంటుంది.

గ్రామాలలో పనిచేసే సహోద్యోగులకు ఒక మనవి. రైతు ఇంటికి వెళ్లినప్పుడు పాడి ఎంత, పంట ఎంత అని వ్రాసుకుంటాము గదా! ఆ కాగితంలోనే, కుక్క ఉన్నదా, టీకా ఎప్పుడు వేయించారు, రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని మూడు ముక్కలు వ్రాసుకోండి. ఆ జాబితా పశువైద్యశాలకు ఇస్తే జూలైలో ఊరంతటికీ ఒకేరోజు టీకాలు వేయించడం సులభమవుతుంది.

పత్తికొండ వైపు ఈ మధ్య మళ్లీ వెళ్లాను. పంచలో తూర్పు మొగంగా బండలు పరచి, సొప్ప కప్పి గూడు కట్టి ఉన్నది. ప్రక్కనే పాత రాతితొట్టి. కుక్క మెడలో కొత్త పట్టీ. కోడలు టీకా చీటీ తెచ్చి చూపింది. దేవుని పటం వెనుక దాచిపెట్టిందట. పెద్దాయన చేతికర్ర పట్టుకుని చేనికి బయలుదేరుతున్నాడు. కుక్క లేచి ఆయన వెంట పడింది.

"రాత్రికి దీన్ని యాడ పండబెడతారు పెద్దాయనా?" అన్నాను.

"నేను చేని కాడ ఉంటే నా మంచం పక్కన, ఇంటికొస్తే ఈ పంచలో. దాన్ని ఒంటిగా యాడా ఇడ్సను సార్" అన్నాడు.

ఈ రాత్రి దీపం ఆర్పేముందు మీరు కూడా ఒకసారి వాకిట్లోకి వచ్చి చూడండి. మీ కుక్కను పిలిచి, చెవుల వెనుక నిమిరి చూడండి. గాయమేదైనా ఉంటే రేపటి పనుల్లో మొదటి పని పశువైద్యశాలకు పోవడమే. ఏ గాయమూ లేకపోయినా, ఈ ఏడాది టీకా వేయించారో లేదో గుర్తు తెచ్చుకోండి.